రెండో ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రెండో రాజీనామా

ప్రశ్న: మాది హనుమకొండ. నేను, నా భార్య ఇద్దరం ప్రైవేటు పాఠశాలల్లో ఆంగ్లం బోధిస్తున్నాం. నాకు 16 ఏళ్లు, ఆమెకు 12 ఏళ్ల అనుభవం. ఇద్దరికీ ఎం.ఏ., బీ.ఎడ్. ఉన్నాయి. నా జీతం 40,000, ఆమెది 32,000. ఇంటి రుణం వాయిదా 19,000, అమ్మానాన్నలకు 10,000 పోగా, ఇంటి ఖర్చులు వెళ్లాక నెలకు 15,000 మిగులుతున్నాయి. దుబాయ్‌లోని ఒక భారతీయ పాఠశాలలో నాకు 4,500 దిర్హాముల ఉద్యోగం ఖాయమైందని, ఏప్రిల్‌లో చేరాలని ఏజెంటు చెబుతున్నాడు. నా భార్యకు అక్కడికి వెళ్లాక ఇప్పిస్తాడట. ఇద్దరికీ కలిపి 4 లక్షలు అడుగుతున్నాడు. పాప ఏడో తరగతి. ఇద్దరం మానేసి వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లండి, కానీ ఇద్దరూ ఒకేసారి మానేయకండి. ఏజెంటుకు 4 లక్షలు అసలే ఇవ్వకండి.

ముందు ఆ 4 లక్షల సంగతి చూద్దాం. మన దగ్గర ఇలాంటి డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకే పుడుతుంది. అంటే విమానం ఎక్కకముందే నెలకు 8,000 వడ్డీ మీ నెత్తిన పడుతుంది. విదేశీ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు మన చట్టం ప్రకారం తీసుకోగలిగింది ఒక్కొక్కరికి 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగేవాడికి లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. యూఏఈ చట్టం కూడా నియామక ఖర్చులను ఉద్యోగి మీద వేయకూడదనే అంటోంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి, పాఠశాలకు నేరుగా కూడా రాయండి. విజిట్ వీసా మీద వచ్చి వెతుక్కోండి అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఆ మాట నమ్మి అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చదువుకున్నవాళ్లం కదా, మనకేమీ కాదులే అనుకోకండి.

ఇక అసలు లెక్క. దిర్హామ్‌కు 23 రూపాయలు వేసుకుందాం. 4,500 అంటే 1,03,500. ఇప్పుడు ఇద్దరికీ కలిపి వచ్చే 72,000 కంటే ఎక్కువే. కానీ ముగ్గురూ ఈ ఒక్క జీతం మీద అక్కడ బతకాలంటే, షార్జాలో ఒక పడకగది ఇంటికి 2,500, తిండికి, కరెంటుకు, రాకపోకలకు 1,400 పెట్టుకున్నా మిగిలేది 600 దిర్హాములు. అంటే 13,800 రూపాయలు. పాప ఫీజు ఇంకా కట్టనేలేదు, ఇంటి వాయిదాకే ఇది చాలదు. మీ శ్రీమతికి 3,800 దిర్హాముల ఉద్యోగం దొరికితే కథ మారుతుంది. 8,300లో పాప చదువుతో సహా 4,800 ఖర్చయినా 3,500 మిగులుతుంది. అంటే 80,500 రూపాయలు. వాయిదా, అమ్మానాన్నల డబ్బు పంపాక కూడా 51,500 చేతిలో ఉంటుంది. మీ కుటుంబం బాగుపడేదీ, చితికిపోయేదీ ఆమె ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఏజెంటు నోటిమాటగా వదిలేసింది కూడా దాన్నే.

మూడో దారి ఒకటుంది. మొదటి ఏడాది మీరు ఒక్కరే వెళ్లడం. తోటి ఉపాధ్యాయులతో గది పంచుకుని 1,700 దిర్హాముల్లో గడిపితే 2,800 మిగులుతుంది. అది 64,400 రూపాయలు. ఇక్కడ ఆమె జీతం 32,000 ఆగదు. వాయిదా, అమ్మానాన్నల 10,000, ఇక్కడి ఇంటి ఖర్చు 24,000 తీసేసినా నెలకు 43,400 నిలుస్తుంది. ఇద్దరూ వెళితే మిగిలేదానికి ఇది పెద్దగా తక్కువ కాదు, ప్రమాదం మాత్రం చాలా తక్కువ. భార్యాబిడ్డలను వదిలి ఏడాది ఉండటం చిన్న విషయం కాదని నాకు తెలుసు. దానికి ఏ లెక్కా కట్టలేను. ఇంట్లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవలసిన మాట అది.

అయితే ఆ ఏడాదిని రెండేళ్లు కానివ్వకండి, పాప చదువు కోసమైనా. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదిలో బయటి నుంచి చేరడం కష్టం. అక్కడి భారతీయ పాఠశాలలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. పాప ఎనిమిది ఇక్కడే పూర్తి చేసి, మీరు వెళ్లిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తొమ్మిదికి అక్కడ చేరితే సరిపోతుంది. అంటే మీ శ్రీమతి ఉద్యోగం కోసం దానికి ముందు జనవరి నుంచి మార్చి వరకు గట్టిగా ప్రయత్నించాలి. మీరు అప్పటికి అక్కడి పాఠశాలలోనే ఉంటారు కాబట్టి ఆమె దరఖాస్తు గురించి ప్రిన్సిపాల్‌తో నేరుగా మాట్లాడగలరు.

ఆమె సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఇప్పుడే మొదలుపెట్టండి. రాష్ట్ర విద్యాశాఖ, కేంద్ర విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం, ఆ వరసలో ముద్రలు పడాలి. డిగ్రీ రెగ్యులర్‌గా చదివారా, దూరవిద్యలోనా అని అక్కడ అడుగుతారు. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో ఎం.ఏ. చేసినవారు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. మీరు కూడా అలాగే చేసి ఉంటే ఆ సంగతి దాచకుండా ముందే పాఠశాలకు చెప్పి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటుంది. గ్రాట్యుటీ. ప్రైవేటు పాఠశాల టీచర్లకు అది రాదని చాలామంది అనుకుంటారు. 2009 సవరణతో అప్పటి గ్రాట్యుటీ చట్టం వారికీ వర్తించింది, 2022లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న పాఠశాలలో అయిదేళ్లు పూర్తిచేస్తే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. చివరి మూల వేతనాన్ని, కరువు భత్యాన్ని కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మూల వేతనం 30,000 అయి, ఆ పాఠశాలలో తొమ్మిదేళ్లు చేసి ఉంటే మీకు 1,55,000 పైనే రావాలి. అక్కడ ఇంటి అద్దె చెక్కుల రూపంలో కొన్ని నెలలది ఒకేసారి ముందే అడుగుతారు. మీ ముగ్గురూ కలిసి ఇల్లు తీసుకునే రోజుకు ఈ డబ్బు పనికొస్తుంది, అప్పు చేయనక్కరలేదు. రాజీనామా లేఖతోపాటే గ్రాట్యుటీ దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. మీ శ్రీమతి ఈ పాఠశాలలో చేరి అయిదేళ్లు కాకపోతే, ఆ తేదీ దాటేదాకా రాజీనామా ఊసే వద్దు.

మీ ఒప్పందంలో మొత్తం జీతం కంటే మూల వేతనం ఎంతో చూడండి. యూఏఈలో కూడా సర్వీసు చివర ఇచ్చే మొత్తాన్ని దాని మీదే కడతారు. తొలి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం. 4,500లో మూల వేతనం 2,000 మాత్రమే అని రాస్తే అయిదేళ్లకు వచ్చేది 7,000 దిర్హాములు. మొత్తం మూల వేతనమే అయితే 15,750. కనీసం సగమైనా ఉండేలా అడగండి.

బ్యాంకు పనులు చిన్నవి. ఏప్రిల్‌లోనే వెళితే ఆ ఆర్థిక సంవత్సరంలో భారత్‌లో 182 రోజులు నిండవు కాబట్టి అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. వెళ్లాక ఉన్న పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతా) మార్పించి, అక్కడి సంపాదన పంపడానికి ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఇక్కడి ఆరోగ్య బీమాను ఆపకండి. ఆపి తిరిగి తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు.

ఈ వారంలో ఏజెంటును కాదని పాఠశాలకే మెయిల్ రాయండి. మూల వేతనం ఎంత, వసతి ఇస్తారా, సిబ్బంది పిల్లలకు ఫీజు రాయితీ ఉందా, వచ్చే ఏడాది ఆంగ్ల విభాగంలో ఖాళీలుంటాయా అని అడగండి. జవాబు పాఠశాల సొంత మెయిల్ నుంచి వస్తేనే మీ రాజీనామా లేఖ రాయండి.