కమాండర్ ఇంటిమీద బాంబు వేయొచ్చా?

ప్రశ్న: యుద్ధంలో సాయుధ సంస్థ కమాండర్‌ని గురిచూసి చంపడం చట్టబద్ధమేనా? మా లైబ్రరీ దగ్గర దీని మీద పెద్ద వాదనే నడిచింది. – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పోరు సాగుతుండగా దాడులు నడిపించే కమాండర్ నిద్రలో ఉన్నా సైనిక లక్ష్యమే. లొంగిపోయాక, గాయాలతో పోరాడలేని స్థితిలో పడిపోయాక చంపితే మాత్రం యుద్ధనేరం.

అసలు చిక్కు చుట్టుపక్కల జనంతోనే. 2002 జూలైలో గాజాలో పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ కమాండర్ సలాహ్ షెహాదే ఇంటిమీద ఇజ్రాయెల్ టన్ను బాంబు వేసింది. కిక్కిరిసిన బస్తీ, రాత్రివేళ. అతని భార్య, కూతురు, ఇరుగుపొరుగు పిల్లలూ చనిపోయారు. ఆయుధం పెద్దది, పక్కన ఎవరున్నారన్న సమాచారం తప్పు. సామాన్యులకు నష్టం మితిమీరిందని 2011లో ఇజ్రాయెల్ వేసిన విచారణ కమిషనే ఒప్పుకుంది, నేరం మాత్రం కాదంది. ఆ రెండోమాట మాకు మింగుడుపడదు.

ఇలా గురిచూసి చంపడానికి 2006 డిసెంబరులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు షరతులు పెట్టింది: గట్టి సమాచారం ఉండాలి, పట్టుకునే వీలుంటే చంపకూడదు, పౌరనష్టం సైనిక ప్రయోజనాన్ని మించకూడదు, తర్వాత స్వతంత్ర విచారణ జరగాలి. నష్టం మించుతుందని తెలిస్తే విమానం గాల్లో ఉన్నా దాడి ఆపాల్సిందే.

నల్లమల ఎన్‌కౌంటర్లను దీనితో కలపకండి. వాటికి మామూలు క్రిమినల్ చట్టమే వర్తిస్తుంది. మన సుప్రీంకోర్టు 2014 తీర్పు ప్రకారం ఎఫ్‌ఐఆర్, మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి.