ఇంజిన్ మౌంట్లు, బుష్‌లు ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా కారు వయసు 11 ఏళ్లు. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, గేర్ రాడ్డు వణుకుతున్నాయి. గతుకుల్లో ముందు వైపు టకటకమంటోంది. మౌంట్లు, బుష్‌లు నేనే మార్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చు. మౌంట్లంటే ఇంజిన్‌ను బండి చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు; బుష్‌లంటే చక్రాల దగ్గరి సస్పెన్షన్ కీళ్లలో, ఇనుప గొట్టానికి అతికి ఉండే రబ్బరు ముక్కలు. శ్రీకాకుళంలో మా పెరట్లో నా బండికి నేనే మార్చుకున్నాను. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించండి.

ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి) కింద మందపాటి చెక్క పెట్టి, ఇంజిన్ బరువు ఆనేంత వరకే జాకీ లేపండి. మౌంట్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి. బండి కింద దూరేటప్పుడు బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు ఉండి తీరాలి. ఒక్క జాకీని నమ్ముకుని దూరవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే కింది చేయి) బుష్‌లను సుత్తితో కొట్టి ఎక్కించవద్దు, నొక్కి ఎక్కించే ప్రెస్ ఉన్న లేతు షాపుకు తీసుకెళ్లండి. నేను తీసిన పాత బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టాన్ని పూర్తిగా వదిలేసింది, పగుళ్ల నిండా ఇసుక.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు బిగించేస్తారు. బండి దింపగానే కొత్త రబ్బరు మెలిపడి, త్వరగా చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి.