దత్తత, ఫోస్టర్ కేర్ ఒకటేనా?

హైదరాబాద్‌లో దత్తతకు దరఖాస్తు చేద్దామనుకుంటూ ఫోస్టర్ కేర్, లీగల్లీ ఫ్రీ, హోమ్ స్టడీ అంటే ఏమిటని అడిగారు.

ముందు దత్తతనూ ఫోస్టర్ కేర్‌నూ కలపకండి. దత్తత పూర్తయితే ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా అన్ని హక్కులూ వస్తాయి. ఫోస్టర్ కేర్‌లో కొంతకాలం మీ ఇంట్లో పెంచుతారు, చట్టం దృష్టిలో మీరు తల్లిదండ్రులు కారు. తికమక ఎక్కడంటే, దత్తతకు కుదిరిన బిడ్డ దత్తత ఆర్డర్ రాకముందే మీ ఇంటికి వచ్చే దశను ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ అంటారు. ఆ ఆర్డర్ 2022 సెప్టెంబర్ నుంచి కోర్టు కాదు, కలెక్టర్ ఇస్తున్నారు.

లీగల్లీ ఫ్రీ అంటే బిడ్డను దత్తత ఇవ్వొచ్చని బాలల సంక్షేమ కమిటీ ప్రకటించడం. కన్నవాళ్లే అప్పగించిన బిడ్డయితే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు 60 రోజుల గడువుంటుంది. ఆలస్యమవుతోందని విసుక్కోకండి, ఆ తల్లికి ఆ సమయం దక్కాల్సిందే.

హోమ్ స్టడీ అంటే సోషల్ వర్కర్ మీ ఇంటికి వచ్చి, కుటుంబం గురించి తెలుసుకుని రిపోర్టు రాయడం. అది వింటే టెన్షన్ పడతారు గానీ, ఆవిడ లేదా ఆయన వచ్చేది మీ ఇంటి టైల్స్ చూడ్డానికి కాదు. ఆదాయం, ఆరోగ్యంతోపాటు ఇంట్లోవాళ్ల మనసు కూడా తెలుసుకుంటారు. నాయనమ్మ ఉంటే, "మీకు ఇష్టమేనా అమ్మా?" అని నాయనమ్మనీ అడగొచ్చు. ఆ రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది.

రిజిస్ట్రేషన్ కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి కేరింగ్స్ పోర్టల్‌లోనే. మధురానగర్‌లోని ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రం శిశువిహార్‌కు వెళ్లి బిడ్డను ఎంచుకోవడం కుదరదు. ఎవరైనా డబ్బిస్తే పాపను ఇప్పిస్తామంటే అస్సలు ఒప్పుకోకండి, అది నేరం. వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి.