మా వాడు దేని మీదా నిలవడం లేదు, ఆపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు. కొన్నాళ్లు డ్రోన్లన్నాడు, తర్వాత సైకాలజీ, ఇప్పుడేమో షేర్ ట్రేడింగ్. మొన్న ఒక సబ్జెక్ట్ కూడా తప్పాడు. ఈ కుతూహలం వాణ్ని పైకి తెస్తుందా, ముంచుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, డ్రోన్లనూ షేర్లనూ మీరు ఒకే గాటన కట్టేశారు. డ్రోన్ల మీద మోజు తీరిపోతే పోయేది కొన్ని సాయంత్రాలు, కాస్త పాకెట్ మనీ. మోటారు, బ్యాటరీ, కోడ్ కలిసి ఎలా పనిచేస్తాయో చేసి నేర్చుకున్నది మాత్రం మిగులుతుంది. అప్పు తెచ్చి ట్రేడింగ్ చేస్తే మోజు తీరాక కూడా బాకీ మిగులుతుంది.

1799లో, తర్వాత పెద్ద రసాయన శాస్త్రవేత్త అయిన ఇంగ్లండ్ కుర్రాడు హంఫ్రీ డేవీకి మీ అబ్బాయి వయసే. బ్రిస్టల్‌లోని ఒక పరిశోధనశాలలో నైట్రస్ ఆక్సైడ్ (నవ్వించే వాయువు)ను తనే పీల్చి, ఏమనిపించిందో వివరంగా రాసుకున్నాడు. అది నొప్పిని తగ్గిస్తోందని గమనించి, శస్త్రచికిత్సల్లో పనికిరావచ్చని 1800లో ప్రచురించాడు. అదే కుర్రాడు కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువును పీల్చి చావు అంచుదాకా వెళ్లాడు. కుతూహలం రెండుచోట్లా ఒక్కటే. రెండోసారి పణంగా పెట్టింది ప్రాణాన్ని.

ముందుచూపుకూ నిగ్రహానికీ తోడ్పడే మెదడు ముందు భాగం పాతికేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే 'తేడా కొడితే ఏం పోతుంది?' అని పక్కనుండి అడిగే మనిషి వాడికి కావాలి. ఆ మనిషి మీరే కావచ్చు, తిట్టకుండా అడగగలిగితే.

ట్రేడింగ్ వద్దంటే చాటుగా చేస్తాడు. కొన్ని నెలలు డబ్బు పెట్టకుండా, కాగితం మీదే కొని అమ్మమనండి. ప్రతి నిర్ణయానికీ కారణం రాయమనండి. ఫీజు డబ్బు, అప్పు, క్రెడిట్ కార్డు ముట్టుకోకూడదన్న విషయంలో మాత్రం మెత్తబడకండి.

సైకాలజీని తేలిగ్గా తీసేయకండి. మనుషులు యాప్‌లను ఎలా వాడతారో, ఎక్కడ తికమకపడతారో పరిశీలించే యూజర్ రీసెర్చ్ ఉద్యోగాలకు సైకాలజీ, కంప్యూటర్ సైన్స్ రెండూ పనికొస్తాయి. అయితే వీడియోలు చూసి ఊరుకుంటే లాభం లేదు. ఒక చిన్న ప్రాజెక్టు పూర్తి చేసి చూపించమనండి.

ఇక తప్పిన సబ్జెక్ట్. టైమ్ చాలక తప్పాడా, ఆ కోర్సే నచ్చక తప్పాడా? మొదటిదైతే అది పాసయ్యేదాకా మిగతావి ఆదివారాలకు పరిమితం చేయమనండి. రెండోదైతే వాణ్నే నాతో మాట్లాడమనండి.