తమ్ముణ్ణి అన్నతో పోల్చవద్దు

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. మా బావగారు, మావారు కలిసి పొగాకు వేస్తారు. ఈ మధ్య వేలం కేంద్రంలో మా బేళ్లకు నో బిడ్ పడింది, అంటే కొనడానికి ఏ వ్యాపారీ పాట పాడలేదు. బావగారు ఇంటికొచ్చి వ్యాపారులను నాలుగు తిట్టి, అన్నం తిని పడుకున్నారు. మావారు మాత్రం అప్పటినుంచి అర్ధరాత్రి లేచి కూర్చుని బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కట్టెల ఖర్చు, కౌలు, వడ్డీ లెక్కలే వేస్తున్నారు, పలకరించినా పలకరు. వాడి గుణమే అంత అంటారు అత్తగారు. ఇది గుణమా, జబ్బా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజముంది. చిన్న కుదుపుకే ఎక్కువగా కలత చెందడం వ్యక్తిత్వ లక్షణాలలో ఒకటి. అందులో కొంత పుట్టుకతోనే వస్తుంది. అది జబ్బు కాదు గానీ, ఆందోళన, కుంగుబాటు వంటివి అలాంటి వారికి వచ్చే అవకాశం ఎక్కువ.

ఒత్తిడిని తట్టుకునే తీరులను మనస్తత్వవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో రెండుగా విడదీసి చూపారు: సమస్యను సరిచేయబూనడం ఒకటి, అది తెచ్చిన బాధను తగ్గించుకోవడం మరొకటి. మీ బావగారి తిట్లు రెండో కోవలోకి వస్తాయి. మీవారి లెక్కలు మొదటి కోవలోవిగా కనిపిస్తాయి గానీ, ధర తన చేతిలో లేనప్పుడు అవే అంకెలను రాత్రంతా తిప్పడం పరిష్కారం కాదు, అది బాధను నెమరు వేయడమే. ఆకును నాణ్యతను బట్టి మళ్లీ గ్రేడు చేసి వేలానికి తీసుకెళ్లడం, అప్పు వాయిదా అడగడం ఆయన చేతిలోని పనులు. ఆ లెక్కలేవో సాయంత్రం పూట అన్నతో కలిసి కాగితం మీద వేయమనండి. జాగ్రత్తపరుడికి ఊరికే దిగులు మానమని చెప్పడం కన్నా చేయదగ్గ పని చూపడం మేలు. “మీ అన్నలా ఉండరాదా” అని మాత్రం అనకండి. (గట్టిగా అరిచేవారికి బాధ లేదనీ అనుకోవద్దు, బావగారు నిద్ర కోసం మద్యం తాగుతున్నారేమో గమనించండి.)

మీవారిని మునుపటి మీవారితోనే పోల్చి చూడండి. మొదటినుంచీ మితభాషి అయితే మౌనం ఒక్కటే భయపడవలసిన సంగతి కాదు. ఇష్టమైన వాటిమీద ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తగ్గడం, తాను పనికిరానివాడినని అనుకోవడం రెండు వారాలకు పైగా దాదాపు రోజూ కనబడితే, గుణమని సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు ప్రస్తావన తెస్తే వైద్యానికి రెండు వారాలు ఆగవద్దు. ఆయనను ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని పురుగుమందు డబ్బాలను అదే రోజు బయటికి తరలించండి.