తెలిసినవాళ్ళు లేరనుకోకండి

"ఎమ్మెస్ అయిపోవస్తోంది. అమెరికాలో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఉద్యోగం ఎలా వెతకాలి?" వైజాగ్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ఎవరూ లేరంటే నేను నమ్మను. ఉక్కునగరంలోనో ఎంవీపీ కాలనీలోనో పెరిగినవాళ్ళకి, నాలుగిళ్ళ అవతల ఎవరి అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉండే ఉంటారు. ఏయూలోనో గీతంలోనో చదివితే సీనియర్లు ఉంటారు. కాకపోతే వాళ్ళతో చనువు ఉండదు. ఇన్నాళ్ళూ పలకరించకుండా ఇప్పుడు ఉద్యోగం కోసం మెసేజ్ పెడితే ఏమనుకుంటారో అని మొహమాటం.

నిజానికి ఆ చనువు లేనివాళ్ళే ఎక్కువ అక్కరకొస్తారు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగి, 1973లో ఆ ఫలితాలు ప్రచురించాడు. తరచుగా కలిసేవాళ్ళమన్నది సుమారు 17 శాతమే. మిగతా అందరూ అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ళే. మీ రూమ్మేట్లకి తెలిసిన ఖాళీలు మీకూ తెలుసు కదా, కొత్త కబురు బయటినుంచే రావాలి.

"అన్నా, రిఫరల్ ఇవ్వండి" అని మాత్రం మొదలుపెట్టకండి. రిఫరల్ అంటే తాము పనిచేసే కంపెనీలో ఉద్యోగానికి మీ పేరు సిఫారసు చేయడం. రిఫర్ చేసేటప్పుడు ఈ మనిషి మీకెలా తెలుసని చాలా కంపెనీలు అడుగుతాయి. ముక్కూమొహం తెలియని వాళ్ళకోసం తన పేరు ఎవరు పెడతారు? ముందు పరిచయం చెప్పుకోండి: "అక్కా, నేను ఏయూలో మీ జూనియర్‌ని. ఇక్కడ డేటా ఇంజనీరింగ్ వైపు వెతుకుతున్నాను. మీ టీమ్‌లో పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. వీలున్నప్పుడు పావుగంట మాట్లాడతారా?" ఇలా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. మాట కలిశాక రిఫరల్ సంగతి చాలాసార్లు వాళ్ళే ఎత్తుతారు. అప్పుడు జాబ్ ఐడీ, ఒక పేజీ రెజ్యూమె, ఆ పనికి మీరెందుకు సరిపోతారో నాలుగు వాక్యాలు పంపండి. ఒకే కంపెనీలో పది పోస్టులకి అడగొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆన్‌లైన్‌లో అప్లై చేసేశాక చాలాచోట్ల రిఫరల్ జతచేయడం కుదరదు. అందుకని అప్లై చేయకముందే అడగండి.

ఇదంతా చదువు పూర్తయ్యాక మొదలుపెడితే టెన్షన్ తప్పదు. ఓపీటీలో, అంటే చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతిలో, ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, ఆ అనుమతి కార్డు మీద వేసిన ప్రారంభ తేదీ నుంచే ఆ లెక్క నడుస్తుంది. పరిచయాలు కుదరడానికే నెలలు పడుతుంది. కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే పలకరింపులు మొదలవ్వాలి. వీసా వచ్చి ఇంకా వైజాగ్‌లోనే ఉన్నవాళ్ళైతే, బయల్దేరేముందు కాలేజీకి వెళ్ళి మాస్టార్లని కలిసి, అమెరికాలో ఉన్న పాత విద్యార్థుల పేర్లు అడిగి రాసుకోండి.

మనవాళ్ళ దగ్గరే ఆగిపోవద్దు. మీ ప్రొఫెసరు, ల్యాబ్‌లో చైనా అమ్మాయి, క్యాంపస్ ఉద్యోగంలో మీ సూపర్‌వైజరు, వీళ్ళందరికీ వేరే వేరే కంపెనీల్లో మనుషులు తెలుసు. రిఫరల్‌కి డబ్బు అడిగేవాళ్ళు, లేని అనుభవం రెజ్యూమెలో రాయిస్తామనేవాళ్ళు ఎదురైతే మాత్రం, వాళ్ళు మన ఊరివాళ్ళే అయినా సరే, దూరంగా జరగండి. ఆ అబద్ధం బయటపడితే పోయేది మీ వీసా.

ఇంటర్వ్యూ ఏమైందో రిఫర్ చేసినవాళ్ళకి మీరే చెప్పండి, సెలెక్ట్ కాకపోయినా సరే. చాలామంది ఇక్కడే మాయమైపోతారు. "రాలేదండీ, మీ సాయానికి థాంక్స్" అని ఒక్క మాట పెట్టినవాళ్ళు నాకు గుర్తుంటారు, మా దగ్గర ఇంకో ఖాళీ పడితే ముందు వాళ్ళకే ఫోన్ చేస్తాను.