నెట్ అందని చోట ఇంటర్నెట్ పాఠం

ప్రశ్న: ఎంసీఏ పూర్తిచేశాను. మా పట్టణంలోని దూరవిద్య స్టడీ సెంటర్‌లో ఆదివారాలు కంప్యూటర్ క్లాసులు చెప్పమంటున్నారు. వచ్చేవాళ్లలో చాలామంది పనులు చేసుకుంటూ చదివేవాళ్లు. కొందరి ఊళ్లలో సిగ్నల్ అందదు, కొందరికి ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. వాళ్లకు ఇంటర్నెట్ గురించి ఎలా చెప్పాలి? ఈ అనుభవం ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ఒప్పుకోండి. 1982లో హైదరాబాద్‌లో మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైన కాలంలో చేతికందిన పుస్తకంతో డిగ్రీ గట్టెక్కేది. ఇప్పుడు దరఖాస్తు, ఫీజు, హాల్ టికెట్ అన్నీ ఆన్‌లైనే. అంటే నెట్ అందనివాళ్లకే ఈ పాఠం అవసరం ఎక్కువ.

ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో చూపించడానికి కనెక్షన్ అక్కర్లేదు. మూలపడిన పాత వైఫై రూటర్ ఒకటి సంపాదించండి. లైను లేకపోయినా కరెంటిస్తే చాలు. మీ ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి, పైథాన్ భాషతో పాటు వచ్చే చిన్న వెబ్ సర్వర్ (అడిగినవాళ్లకు పేజీలు అందించే ప్రోగ్రామ్) నడపండి. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్ల హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) రాయించి, విద్యార్థుల ఫోన్లను అదే వైఫైకి కలిపించి, ఆ ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా) చివర :8000 చేర్చి ఫోన్ బ్రౌజర్లలో కొట్టించండి. మొబైల్ డేటా ఆపించడం మరవకండి, లేకపోతే ఫోను అటు పరుగెత్తుతుంది. ‘ఇంటర్నెట్ లేదు’ అని హెచ్చరిక వచ్చినా పేజీ మాత్రం తెరుచుకుంటుంది. సర్వర్ అంటే ఏమిటో, వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు అని ఎందుకంటారో అక్కడే తెలిసిపోతుంది. అంకెల అడ్రస్ కొట్టడం విసుగు పుట్టాక, సైట్ పేరుకు ఆ అంకెలు వెతికిపెట్టే డీఎన్ఎస్ గురించి చెప్పండి. ఫోన్‌లో పేరు నొక్కితే నంబరుకు కాల్ వెళ్లినట్టే అంటే సరిపోతుంది.

వెతకడం నేర్పడానికి, నెట్ లేకుండానే వికీపీడియా చదివించే కివిక్స్ యాప్‌లో తెలుగు వికీపీడియా ఫైలును ఒకసారి దింపుకుని మెమరీ కార్డుల్లో పంచండి. ఈమెయిల్ కూడా సిగ్నల్ లేకుండానే రాయించవచ్చు. జీమెయిల్ యాప్ దాన్ని అవుట్‌బాక్స్‌లో ఉంచి, సిగ్నల్ దొరకగానే పంపేస్తుంది. ఇంటి దగ్గర టీవీ ఉన్నవాళ్లకు పాఠాలు ప్రసారం చేసే స్వయంప్రభ చానళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితం.

సెంటర్‌లో దొరికే కాసింత నెట్‌ను వీడియోలకు తగలేయకండి. ఫారం నింపడం, పాస్‌వర్డ్ మార్చడం, పీడీఎఫ్ దింపుకోవడం, ఇలాంటివాటికే వాడండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదని మాత్రం ప్రతి బ్యాచ్‌కూ చెప్పండి. మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలని బోర్డు మీద రాసిపెట్టండి.

ఇక ఉద్యోగం సంగతి. ఆదివారం క్లాసులనే జీవనాధారం చేసుకోవద్దు. అధ్యాపక వృత్తే కావాలనుకుంటే పీజీలో 55 శాతం మార్కులు (రిజర్వుడు వర్గాలకు 50) ఉన్నాయో లేదో చూసుకుని, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్ రాయండి. ఈ నెట్‌కు సిగ్నల్‌తో పని లేదు లెండి! బోధన వద్దనుకుంటే ఈ-కంటెంట్ తయారీ, సంస్థల్లో డిజిటల్ శిక్షణ లాంటి కొలువులున్నాయి. అక్కడ మీరు తయారుచేసిన పాఠాలనే అడుగుతారు. కాబట్టి ప్రతి క్లాసు వర్క్‌షీటును, విద్యార్థులు చేసిన పేజీలను ఈ ఆదివారం నుంచే ఒక ఫోల్డర్‌లో దాచండి.